పెట్టె గారి పదవీ విరమణ

మా ఆఫీసులో కొత్త పోస్టు పుట్టదు, ఉన్న పోస్టు చావదు. ఈ రెండు సూత్రాలూ ఒంటబట్టినవాడికి మా శాఖలో మూడోదానితో పనిలేదు. నాకు రెండూ బాగా ఒంటబట్టాయి. నా పేరు పానకాలరావు, బి-సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. ఫైలు ఎక్కడైనా ఇరుక్కుంటే దాన్ని బయటికి లాగే నోటు రాయడానికి నన్నే పిలుస్తారు. ఆ పిలుపు కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటి ఒక నోటు గురించే.

మాది చారిత్రక వస్తు సంరక్షణ సంస్థ, ప్రాంతీయ కార్యాలయం. మేం సంరక్షించేవి నాలుగు తుప్పుకత్తులు, ఒక పల్లకి, చిల్లుపడ్డ కంచుబిందె, ఒక కారు. కారు తప్ప మిగతావన్నీ అద్దాల వెనక నిద్రపోతుంటాయి. కారు మాత్రం నిక్షేపంగా తిరుగుతుంది. ముప్పై ఆరు మోడల్ విదేశీ బండి, నల్లరంగు, వెనకసీటు మెత్తటి ఎర్రతోలు. దాన్ని ముప్పై మూడేళ్ళుగా తిప్పుతున్నవాడు షేక్ కాలేషా. డ్రైవరూ అతనే, మెకానిక్కూ అతనే. చలిపొద్దున చోక్ ఎంత లాగాలో, వానపడ్డాక ఎంతసేపు ఆగి హ్యాండిల్ తిప్పాలో అతని భుజానికి తెలుసు. ఇంజన్ దగ్గు విని దాని రోగం చెప్పేస్తాడు.

ఆ కారుకు మా ఆఫీసులో ఒకే ఒక్క అసలైన పని ఉంది. ఎవరు రిటైరైనా, సూపరింటెండెంటైనా సరే, గేటు కాపలాదారైనా సరే, ఆ సాయంత్రం మెడలో దండతో ఆ ఎర్రసీట్లో కూర్చుంటారు. మిగిలినవాళ్ళం స్కూటర్ల మీద వెనకాల వెళతాం. ఇంటి ముందు ఆడవాళ్ళు హారతి ఇస్తారు. జీవితమంతా అక్షింతలు వేయించుకున్నవాడు కూడా ఆ అరగంటా జమీందారే. కాలేషా ఇలా నలభై ఒక్కమందిని ఇళ్ళకు చేర్చాడు.

"ఆ సీటు తుడవటమే గాని కూచుంది లేదండీ," అనేవాడు నాతో. "నా వంతు వచ్చినప్పుడు మాత్రం దర్జాగా కూచుంటా. మా జైతూన్‌బీ ఇప్పట్నించే రోజులు లెక్కెడతంది."

జైతూన్‌బీ అతని భార్య. పెద్ద కోరికలేం లేని ఇల్లాలు. ఉన్న ఈ ఒక్క కోరికా మాకు అడ్డమొచ్చింది.

ఒకరోజు పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ‘వారసత్వానికి చురుకుదనం’ అని పథకం పేరు. "ప్రతి కార్యాలయమూ తన అధీనమందలి ప్రాచీన వస్తువులలో కనీసం ఒకదానిని మార్చి నెలాఖరులోగా ఎలక్ట్రానిక్ చైతన్యవంతము గావించవలెను. అట్లు గావించునపుడు వస్తువు యొక్క ప్రాచీనతకు భంగము వాటిల్లరాదు" అని అందులో ఉంది. చదివినవాళ్ళకెవరికీ అర్థం కాలేదు కనుక అది ముఖ్యమైన సర్క్యులర్ అని అందరం ఒప్పుకున్నాం.

మా డైరెక్టర్ పరాంకుశం గారు సమావేశం పెట్టారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వులాగే ఉంటుందని ప్రతీతి.

"కత్తులకు ఎలక్ట్రానిక్ చైతన్యం కలిగించినచో శాంతిభద్రతల సమస్య ఉత్పన్నం కావచ్చును," అన్నారు. "పల్లకికి కలిగించినచో బోయీల ప్రశ్న తలెత్తవచ్చును. బిందె విషయమేమి?"

"చిల్లుందండీ," అన్నాడు సూపరింటెండెంట్ రత్తయ్య.

"అయితే వాహనమే శరణ్యం. ప్రస్తుతం ఈ వాహనమునందు పెట్రోలు గాలితో కలియు ప్రక్రియ ఎట్టి పర్యవేక్షణా లేకుండా జరుగుతున్నదని నా దృష్టికి వచ్చినది. ఇది ఉపేక్షించదగినది కాదు."

అంటే ఆయన బాధ కార్బరేటర్ గురించి. పాత బళ్ళలో ఇంజన్ గాలి పీల్చుకుంటే, ఆ గాలి కార్బరేటర్లోంచి కాస్త పెట్రోలును తనతో లాక్కుపోతుంది. ఎవరి అనుమతీ అడగదు. కొత్త పద్ధతిలో ఇంజనుకు అక్కడక్కడ సెన్సార్లు పెడతారు. అవి వేడి ఎంత, గాలి ఎంత అని ఒక చిన్న కంప్యూటర్ పెట్టెకు చెబుతాయి. ఏ క్షణాన ఎంత పెట్రోలు చిమ్మాలో ఆ పెట్టె నిర్ణయిస్తుంది. కిందివాళ్ళు నివేదించడం, పైన ఒకరు నిర్ణయించడం అనేసరికి పరాంకుశం గారికి అది సొంత ఆఫీసులాగే కనబడి ముచ్చటేసింది.

పుణే నుంచి నిపుణుడు వచ్చాడు. పన్నెండు రోజులు పనిచేశాడు. అతను లాప్‌టాప్‌లో అంకెలు చూస్తుంటే, కాలేషా ఇంజన్ మీద చెయ్యి వేసి చప్పుడు వినేవాడు. "కాస్త ఎక్కువయ్యింది సార్" అంటే నిపుణుడు తగ్గించేవాడు. "ఇప్పుడు ఆకలిగా ఉంది దానికి" అంటే పెంచేవాడు. కాలేషాకు ముప్పై మూడేళ్ళుగా తెలిసిందంతా అలా అరచెయ్యంత పెట్టెలోకి ఎక్కింది. చివరిరోజు మీట నొక్కగానే ఇంజన్ పలికింది.

"బాగుందండీ," అన్నాడు కాలేషా, మనస్ఫూర్తిగానే. "చలికాలంలో నా భుజం బతికిపోయిద్ది."

విప్పిన కార్బరేటర్‌ను దాచుకుంటానని అడిగాడు. ప్రభుత్వ వస్తువు ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉండకూడదు కదా. పనికిరాదని రాసేసిన వస్తువును మళ్ళీ ఎవరూ వాడకుండా పగలగొట్టాలని కూడా నిబంధన. సుత్తి కాలేషా చేతికే ఇచ్చారు. అతని వల్ల కాలేదు. రత్తయ్య మూడు దెబ్బలు వేశాడు, రెండు తగిలాయి.

పని చక్కగా పూర్తయింది గనక ఊరుకుందామంటే మాది ఆఫీసు ఎందుకవుతుంది? నెల తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి అభ్యంతరం వచ్చింది. "సదరు పరికరము ఇంజనును ప్రారంభించుట, ఇంధన మిశ్రమమును నిర్ణయించుట, వేడిమిని గమనించుట అను విధులు నిర్వర్తించుచున్నది. ఇవే విధులు డ్రైవర్-మెకానిక్ విధుల పట్టికలో గలవు. ఒకే విధిని ఇరువురు ఏ ఉత్తర్వు మేరకు నిర్వర్తించుచున్నారు? పరికరము ఏ పోస్టులో ఉన్నది?"

పరాంకుశం గారు నన్ను పిలిచారు. "తొలగించినచో పథకం విఫలం. కొనసాగించినచో పోస్టు లేదు. పానకాలరావు గారూ, మీరు మార్గాన్వేషణ చేయవలసియున్నది."

చేశాను. టీ చల్లారేలోగా చేశాను. కొత్త పోస్టు పుట్టదు కనుక, ఉన్న పోస్టు చావదు కనుక, "సదరు పరికరమును మంజూరై యున్న డ్రైవర్-మెకానిక్ పోస్టునందు సర్దుబాటు చేయవచ్చును. ప్రస్తుతము ఆ పోస్టునందున్న వ్యక్తిని తదుపరి ఉత్తర్వుల వరకు పరికరమునకు సహాయకునిగా ఉంచవచ్చును" అని రాశాను. పరాంకుశం గారు చదివి, నా భుజం తట్టి, "అద్భుతం" అన్నారు. ఆ సాయంత్రం నేను ఇంటికి పకోడీలు కట్టించుకుని వెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోస్టులో ఉన్నవాళ్ళకు సర్వీసు రిజిస్టరు ఉండాలి. కొత్త రిజిస్టర్లు అచ్చులో లేవు. అందుచేత కాలేషా రిజిస్టర్లోనే పేరు కొట్టేసి, పైన ఎర్రసిరాతో ‘ఇంధన నియంత్రణ పరికరము’ అని రాసి, రత్తయ్య పొట్టి సంతకం పెట్టాడు. మిగతావి దిద్దడానికి ఉత్తర్వు లేదు. ఆ ప్రకారం పెట్టెకు తండ్రి షేక్ బాజీ, భార్య జైతూన్‌బీ. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. నివాసం పొగాకు గోడౌన్ల వెనక మూడో లైను.

కాలేషా ఆ పేజీని తండ్రి పేరు దాకా వేలుపెట్టి చదివాడు.

"ఏందండీ ఇది? మా నాయన పేరు కూడా దానికే ఇచ్చారా?"

"కాగితాల్లోనేలే కాలేషా," అన్నాను. కాగితాల మీద బతికేవాణ్ణి, అంతకంటే అబద్ధం ఇంకోటి ఆడలేను.

తరవాత హాజరు సమస్య వచ్చింది. మా దగ్గర ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది. పెట్టెకు ముఖం ఎటో తెలియక రెండు రోజులు చర్చించి, వైర్లు దూరే వైపు ముఖమని తీర్మానించాం. ఆ వైపు ఫోటో ఎక్కించాం. రోజూ పొద్దున పదింటికి కాలేషా బానెట్ ఎత్తి, ఫోను పెట్టెకు చూపించేవాడు. "స్వాగతం" అనేది ఫోను. ఒకరోజు అతను పొరపాటున తన ముఖం చూపించాడు. "మీరెవరో తెలియదు" అంది. ఉద్యోగుల ముఖాలు గుర్తుపట్టడంలో మా పైవాళ్ళకంటే ఫోనేమీ తక్కువ తినలేదు.

దసరా వచ్చింది. ప్రతి ఏడూ ఆయుధపూజకు బంపర్ ముందు కొబ్బరికాయ కొట్టడం మా ఆనవాయితీ. ఈసారి పరాంకుశం గారు, "ప్రధాన విధులు నిర్వర్తించునది పరికరము కావున పూజ కూడా పరికరమునకే జరుగవలెను" అన్నారు. బానెట్ ఎత్తారు. పెట్టెకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, వైర్లకు బంతిపూలు చుట్టారు. రత్తయ్య కాయ పట్టుకుని పెట్టె పైకి వంగాడు.

"సార్, దాని మీద వద్దండీ, బంపరు మీద కొట్టండి," కాలేషా అడ్డం వెళ్ళాడు. "నీళ్ళు లోపలికి పోతే పాడయ్యిద్ది!"

"నువ్వు సహాయకుడివయ్యా. పై అధికారి పూజలో నీ జోక్యమేంటి?" అన్నాడు రత్తయ్య. కాయ చాలా శుభప్రదంగా రెండు సమానమైన చెక్కలయింది. నీళ్ళన్నీ పెట్టెలోకి పోయాయి.

పెట్టె మూగబోయింది. పోస్టులో ఉన్నవాళ్ళు పనిచేయకపోతే సెలవు పెట్టాలి. సెలవుకు వైద్య ధ్రువపత్రం కావాలి. పెద్దాసుపత్రి డాక్టరు గారు ముందు మమ్మల్ని తిట్టి, బయట జనం పెరుగుతుంటే విసుగెత్తి, "జలుబు, పొడిగా ఉంచవలెను" అని రాసి పారేశారు. ఆ పదిహేడు రోజులూ కాలేషా పెట్టె విప్పి, స్పిరిటుతో తుడిచి, బల్బు వెలుగు కింద ఆరబెట్టి, పళ్ళు తోముకునే బ్రష్షుతో పసుపంతా తీశాడు. పద్దెనిమిదో రోజు అది పలికింది. "పరికరము ఆరోగ్యము కుదుటపడి స్వచ్ఛందముగా విధులలో చేరినది" అని ఫైల్లో రాశాం.

ఆ ఏడాది పెట్టె గారి మీద రహస్య నివేదిక పరాంకుశం గారే స్వదస్తూరీతో రాశారు. "మితభాషి. పై అధికారులకు ఎదురు చెప్పదు. పనివేళల్లో టీకి వెళ్ళదు. పదోన్నతికి అర్హత గలదు." జనవరి ఇరవై ఆరున ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం కూడా దానికే వచ్చింది. పెట్టెను పళ్ళెంలో పెట్టి వేదిక మీదికి మోసుకెళ్ళింది కాలేషా. జనం చప్పట్లు కొట్టారు. అతను పళ్ళెం వంగకుండా చూసుకున్నాడు.

జూన్ వచ్చింది. రిజిస్టర్లో పుట్టినతేదీ ప్రకారం ఆ నెల ముప్పయ్యిన పోస్టులో ఉన్న వారికి అరవై రెండేళ్ళు నిండుతాయి. పెట్టె తయారై అప్పటికి పదహారు నెలలు. రిజిస్టరు ముందు ప్రకృతి ఎంత?

కాలేషా నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ కూర్చోనివాడు, ఆరోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పింఛను గురించి కాదండీ. ఖజానా వాళ్ళకి వేలిముద్ర కావాలంట, పెట్టెకి వేలు లేదు గాబట్టి నన్నే పిలిచారు, ఏసొచ్చా. నేనడిగేది ముప్పయ్యో తారీఖు సంగతి. ఆ రోజు వెనకసీట్లో నన్నేగా కూచోబెట్టేది?"

నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను.

"జైతూన్‌బీ లైన్లో అందరికీ చెప్పుకుందండీ. ఇంటికి సున్నం ఏయించింది. నేను మెళ్ళో దండతో కారు దిగితే చూడాలని దానికి. ముప్పై మూడేళ్ళు ఒకళ్ళని దించొచ్చి సైకిలెక్కి ఇంటికి పోయినోణ్ణి. ఒక్కరోజండీ పానకాలరావు గారూ. ఒక్క అరగంట."

ఫైలు పట్టుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాను. ఆయన సానుభూతిగానే విన్నారు. ఆయనకు సానుభూతి చెప్పడం బాగా వచ్చు.

"నాకునూ హృదయమున్నది పానకాలరావు గారూ. కానీ ఆ ఆసనము పదవీ విరమణ చేయు ఉద్యోగికి ఉద్దేశింపబడినది. సహాయకునికి ఇచ్చినచో రేపు ప్రతి సహాయకుడూ అడుగును. అదియునుగాక," కళ్ళద్దాలు తుడుచుకున్నారు, "ఈ సర్దుబాటు మీ నోటు పర్యవసానమే కదా!"

బయటికి వచ్చి కాలేషాకు చెప్పాను. అతను "సరేనండీ" అని లేచి, కుర్చీ తీసిన చోటే మళ్ళీ పెట్టి వెళ్ళాడు.

ముప్పయ్యో తారీఖు సభ ఘనంగా జరిగింది. వేదిక మీద నడుమ కుర్చీలో పెట్టెను పెట్టడానికి దాన్ని కారులోంచి విప్పాలి. విధులనుంచి విముక్తి పొందినవారు ప్రభుత్వ వాహనంలో పనిచేయరాదు కూడాను.

"ఇప్పితే బండి కదలదు సార్," అన్నాడు కాలేషా.

"వాహనము కదలకపోవుట వేరొక ఫైలు," అన్నారు పరాంకుశం గారు.

శాలువా కప్పారు. దండ జారిపోతుంటే దారంతో కట్టారు. ఐదున్నరకు పెట్టె గారు ఎర్రసీట్లో ఆసీనులయ్యారు. కాలేషా ముందుసీట్లో స్టీరింగ్ పట్టుకున్నాడు. మీట నొక్కాడు. ఏమీ లేదు. పాత కార్బరేటర్ తగిలిద్దామంటే అది ఎప్పుడో సుత్తి దెబ్బలు తింది. ఇక పదిమందిమి వెనకనుంచి తోశాం. దారిలో జనం "పెళ్ళా? ఊరేగింపా?" అని అడిగారు. సగం దూరం వెళ్ళాక అడగడం మానేసి నవ్వడం మొదలుపెట్టారు.

మూడో లైనులో ఇళ్ళ ముందు ఆడవాళ్ళంతా నిలబడ్డారు. సున్నం వేసిన గోడ ముందు దుప్పటి పరిచిన కుర్చీ. జైతూన్‌బీ చేతిలో కనకాంబరాల దండ పట్టుకుని గబగబా వెనక తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి చూసి, ఆగిపోయింది.

"మా ఆయనేరి?" అంది.

ముందుసీట్లో కాలేషా చెమట తుడుచుకుంటున్నాడు. భార్య వైపు చూడలేదు. ఆ సీటు తనకి కాదని ఇంట్లో చెప్పలేకపోయాడని నాకు అప్పుడర్థమైంది. రత్తయ్య పెట్టెను దింపి ఆ కుర్చీలో పెట్టాడు. పరాంకుశం గారు నాలుగు మాటలు చెప్పారు. రిటైరైన వారి శేషజీవితం కుటుంబ సభ్యుల మధ్య ప్రశాంతంగా గడవాలని ఆకాంక్షించారు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఆయన గడియారం చూసుకున్నారు. "ఆరున్నరలోగా వాహనము షెడ్డులో ఉండవలెను. కాలేషా, ఎక్కు."

కాలేషా అప్పటికే దిగాడు. కారు తాళం నా చేతిలో పెట్టాడు.

"నాకు పోస్టు లేదు కదండీ," అన్నాడు. గొంతు పెంచలేదు. "పోస్టు ఉన్నాయన రిటైరయ్యి మా ఇంట్లో కుర్చీలో కూచున్నాడు. నేను ఆయనకి సహాయకుణ్ణి. ఆయనే పోయాక ఇంకెవరికి సహాయం చేసేది? ఉత్తర్వు లేకుండా స్టీరింగ్ పట్టుకుంటే రేపు మీకే మాటొచ్చిద్ది."

పరాంకుశం గారు నా వైపు తిరిగారు. నిబంధన ఏదైనా నా నోటి నుంచే రావాలి.

"అతను చెప్పింది కరెక్టేనండీ," అన్నాను. "ఇప్పుడతను ప్రజల్లో ఒకడు. మన ప్రదర్శన వస్తువుల్ని చూడ్డానికి ప్రజలకు ఏడింటివరకూ అనుమతి ఉంది. పల్లకి మాదిరి తాకొద్దనే బోర్డు ఈ కారుకి మనం పెట్టలేదు."

కాలేషా నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తరవాత వెనక తలుపు తీశాడు.

"జైతూన్, రా, కూచో."

ఆమె ఎక్కింది. అతను పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోని కనకాంబరాల దండ అతని మెళ్ళో వేసింది. లైన్లో ఆడవాళ్ళు ఒక్కసారి చప్పట్లు కొట్టారు. నేను ముందుసీట్లో కూర్చున్నాను. తోయడానికి మిగిలిన తొమ్మిదిమంది చాలడం లేదని, సూర్యుడు దిగిపోతున్నాడని, పరాంకుశం గారు కోటు విప్పి రత్తయ్య పక్కన చెయ్యి వేశారు. కారు కదిలింది.

"ఎడంపక్కన గుంటుందండీ పానకాలరావు గారూ, చూసి తిప్పండి," అన్నాడు కాలేషా వెనకనుంచి. అతని గొంతులో అంత దర్జా నేనెప్పుడూ వినలేదు.

ఆఫీసు గేటు దగ్గర ఇద్దరూ దిగి, మా అందరికీ నమస్కారం పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

మర్నాడు పరాంకుశం గారు నడుముకు పట్టీ వేసుకుని వచ్చి, వెనకసీటు అనధికారికంగా వాడుకున్నందుకు కాలేషాకు మెమో తయారుచేయమన్నారు. మెమో పోస్టులో ఉన్నవారికే ఇవ్వగలమని, పోస్టులో ఉన్నది పరికరమని, ఆ సమయానికి సదరు పరికరం మూడో లైనులో ఒక కుర్చీలో ఉన్నట్టు డైరెక్టర్ గారే స్వయంగా సాక్షి అని నోటు రాశాను. నా సర్వీసులో నేను సిగ్గుపడకుండా సంతకం పెట్టిన నోటు అదొక్కటే.